అడుగులు మనవి, లెక్కలు వారివి

ముంజేతికి గడియారం కట్టుకుని తెల్లవారుజామున పరుగెత్తేవారిని చూసి, ఇది తీరిక గల నగరవాసుల వ్యాపకమనీ, దీనికీ రాజకీయాలకూ సంబంధమే లేదనీ చాలామంది భావిస్తారు. ఆ గడియారం నమోదు చేసిన వ్యాయామ వివరాలను ఒక సంస్థ వేదిక నుంచి మరొక సంస్థ వేదికకు తరలించాలని ప్రయత్నించినప్పుడు ఆ సంబంధం తేటతెల్లమవుతుంది. పరుగు మనది, చెమట మనది, గుండె చప్పుడు మనది. గడియారం కొన్నదీ మన డబ్బుతోనే. అయినా ఆ పరుగు లెక్కను వేరొకచోటికి తీసుకుపోవాలంటే, దాన్ని దాచుకున్న సంస్థ అనుగ్రహం కావాలి. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెతకు ఇంతకన్నా ఆధునికమైన ఉదాహరణ దొరకదు. ఆ అనుగ్రహాన్ని హక్కుగా మార్చే అవకాశం మన పార్లమెంటు చేతికి వచ్చింది. చేతికి వచ్చిన దాన్ని వదిలిపెట్టింది. ఈ వ్యాసం ఆ వదిలివేత గురించి.

ముందుగా సమస్య స్వరూపం చూద్దాం. వ్యాయామ వివరాలు సాధారణంగా మూడు రకాల ఫైళ్లలో తిరుగుతుంటాయి. మొదటిది ఫిట్. గార్మిన్ గూటిలో పుట్టిన ఈ ఫైలు యంత్రాలు మాత్రమే చదవగల రూపంలో ఉంటుంది. కాలాన్ని అది 1989 డిసెంబరు 31 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కిస్తుంది. అక్షాంశ రేఖాంశాలనూ మామూలు డిగ్రీలలో కాక తనదైన కొలమానంలో రాసుకుంటుంది. రెండవది టీసీఎక్స్. ఇందులో చుట్లు, హృదయ స్పందన, ఖర్చయిన కేలరీలు ఉంటాయి గాని, వ్యాయామ భేదాలకు అది గుర్తించే పేర్లు మూడే: పరుగు, సైకిలు, ఇతరం. మూడవది 2002లో వచ్చిన జీపీఎక్స్. ఇది దారిని, సమయాన్ని, ఎత్తును చక్కగా పట్టుకుంటుంది. హృదయ స్పందనకు మాత్రం దాని మూల స్వరూపంలో చోటు లేదు, అనుబంధంగా అతికించవలసిందే. యాపిల్ హెల్త్ మరొక దారి తొక్కింది. అడిగితే మొత్తం సమాచారాన్ని ఒకే పెద్ద మూటగా కట్టి ఇస్తుంది గాని, ఆ మూటను ఉన్నదున్నట్టు స్వీకరించే వేదికలు అరుదు.

ఈ మార్పిడిలో ఏమి రాలిపోతుందో గమనించండి. ఫిట్ నుంచి జీపీఎక్స్‌కు మారిస్తే చుట్ల విభజన పోవచ్చు. జాగ్రత్త లేకపోతే గుండె లెక్కా పోతుంది. టీసీఎక్స్‌కు మారిస్తే ఈత, యోగా, కబడ్డీ అన్నీ కలిసి ‘ఇతరం’ అవుతాయి. ఏటా జూన్ 21న ప్రధానమంత్రి స్వయంగా ఆసనాలు వేసి ప్రపంచానికి చూపే యోగాకు ఆ ఫైలులో సొంత పేరు లేదు. ఇక కాలం సంగతి. ఈ ఫైళ్లు సమయాన్ని అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో రాస్తాయి. మన కాలం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. కనుక జనవరి 1 ఉదయం 5 గంటలకు చేసిన వ్యాయామం ఫైలులో డిసెంబరు 31 రాత్రి 11.30గా కనిపిస్తుంది. దారి వివరాలుంటే చాలా వేదికలు దీన్ని సరిచేసుకుంటాయి. ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద నడిచినప్పుడు ఆ వివరాలుండవు గనుక, కొత్త సంవత్సరపు తొలి నడక పాత సంవత్సరపు ఖాతాలో పడే ప్రమాదం ఉంటుంది.

ఇంత చెప్పినా ఇది బ్రహ్మవిద్య కాదు. ఫిట్ ఫైలు నిర్మాణాన్ని గార్మిన్ సంస్థే బహిరంగంగా ప్రచురించింది. జీపీఎస్‌బాబెల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు మన సొంత కంప్యూటరులోనే, ఇంటర్నెట్ అవసరం లేకుండానే ఒక రూపం నుంచి మరొక రూపానికి మార్చిపెడుతుంది. సాంకేతికంగా ఇది అసాధ్యమని ఏ సంస్థ అయినా చెబితే నమ్మవలసిన పని లేదు. అడ్డంకి యంత్రంలో లేదు, సంకల్పంలో ఉంది. ఖాతాదారు తన గతాన్ని మోసుకుపోలేకపోతే అక్కడే ఉండిపోతాడు. ఐదేళ్ల పరుగుల చరిత్రను వదులుకోవడం కన్నా అదే సంస్థ తయారుచేసిన కొత్త గడియారాన్ని కొనడమే సులువనిపిస్తుంది. వ్యాపార భాషలో దీన్ని విధేయత అంటారు. సరైన పేరు నిర్బంధం.

దారి మూసుకున్నప్పుడు జనం సందులు వెతుక్కుంటారు. ‘మీ ఫైలు మాకివ్వండి, మార్చి ఇస్తాం’ అనే ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లు అలాంటి సందులే. ఒక్క పరుగు ఫైలులో ఏముంటుందో ఆలోచించండి. పరుగు ఎక్కడ మొదలైందో ఉంటుంది. అంటే ఇంటి గుమ్మం. ఏ వేళకు ఇల్లు విడిచారో, ఏ వేళకు తిరిగి వచ్చారో ఉంటుంది. నిమిష నిమిషానికీ గుండె ఎలా కొట్టుకుందో ఉంటుంది. ఇలాంటివి వందల ఫైళ్లు ఒక్కసారిగా అనామకుల చేతికి అప్పగించేవారిలో చాలామంది అజ్ఞానులు కారు, గత్యంతరం లేనివారు. పౌరుడికి రాజమార్గం లేకుండా చేసిన చట్టమే అతన్ని దొంగదారికి నెట్టింది. గోప్యత కోసం పుట్టామని చెప్పుకునే చట్టానికి ఇంతకన్నా అపహాస్యం ఏముంటుంది?

ఆ చట్టం పుట్టిన తీరు చూద్దాం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018 జులైలో ముసాయిదా బిల్లు అందజేసింది. తన డేటాను యంత్రాలు చదవగల రూపంలో పొందే హక్కు, దాన్ని తాను కోరిన సంస్థకు బదిలీ చేయించుకునే హక్కు అందులో స్పష్టంగా ఉన్నాయి. 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లులోని 19వ నిబంధనలోనూ ఆ హక్కు నిలిచింది. పౌరుడు ఇచ్చిన డేటాతో పాటు, సేవలు అందించే క్రమంలో పుట్టిన డేటాకూ అది వర్తించేది. గడియారం లెక్కగట్టిన అడుగులు ఆ రెండో కోవలోకే వస్తాయి. అయితే వ్యాపార రహస్యం బయటపడుతుందన్న సాకుతో సంస్థలు నిరాకరించడానికి ఆ బిల్లు ఒక సందు ఉంచింది. 2021 డిసెంబరులో నివేదిక ఇచ్చిన సంయుక్త పార్లమెంటరీ కమిటీ ఆ సందునూ మూసివేయాలన్నది. అంటే మూడేళ్ల మథనంలో ఆ హక్కు బలపడిందే తప్ప బలహీనపడలేదు.

ఆ తరువాత జరిగింది విచిత్రం. 2022 ఆగస్టులో ప్రభుత్వం బిల్లును ఉపసంహరించుకుంది. కమిటీ 81 సవరణలు సూచించింది గనుక కొత్త బిల్లు అవసరమన్నది. నవంబరులో వచ్చిన కొత్త ముసాయిదాలో బదిలీ హక్కు మాయమైంది. 2023 ఆగస్టు 7న లోక్‌సభలో, మణిపుర్‌పై ప్రతిపక్షాల నినాదాల నడుమ, బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. రెండు రోజులకే రాజ్యసభ దాటింది. ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అలా వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమలుకు రావడానికి అక్కడి నుంచి మరో 18 నెలల గడువు ఇచ్చారు.

ఆ చట్టం పౌరుడికి ఏమిచ్చింది? 11వ సెక్షను కింద తన డేటా తాలూకు ‘సారాంశం’ అడగవచ్చు. 12వ సెక్షను కింద దిద్దించవచ్చు, చెరిపించవచ్చు. 13వ సెక్షను కింద ఫిర్యాదు చేయవచ్చు. 14వ సెక్షను కింద తన తదనంతరం ఈ హక్కులు వినియోగించే నామినీని నియమించవచ్చు. ఈ వరుసను జాగ్రత్తగా చదవండి. మీ డేటాను తుడిచేయమనవచ్చు. మీతో తీసుకుపోతాననడానికి లేదు. మీరు మరణించాక మీ తరఫున అడిగే మనిషి ఉంటాడు. మీరు బతికుండగా మీ పరుగుల ఫైలును వేరొకచోటికి పంపమని ఆదేశించే అధికారం మీకుండదు. ఇల్లు ఖాళీ చేసే అద్దెదారుతో, సామాను తగలబెట్టమంటే తగలబెడతాం గాని బండికెత్తనివ్వం అన్నట్టుంది ఇది. పైగా 15వ సెక్షను పౌరుడికి కర్తవ్యాలు నిర్దేశించింది. తప్పితే 10,000 రూపాయల వరకు జరిమానా. హక్కును తగ్గించి కర్తవ్యాన్ని పెంచిన డేటా చట్టమిది.

బదిలీ అన్న భావన మన ప్రభుత్వాలకు కొత్తదా అంటే, కానేకాదు. మొబైల్ నంబరు మార్చుకోకుండా కంపెనీ మార్చుకునే సదుపాయం 2010 నవంబరులో హరియాణాలో మొదలై, 2011 జనవరిలో దేశమంతటికీ వచ్చింది. ఆరోగ్య బీమా పాలసీని ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు మార్చుకునే వీలు 2011 అక్టోబరులో వచ్చింది; ముందునుంచీ ఉన్న జబ్బుల విషయంలో అప్పటికే గడిపిన నిరీక్షణ కాలాన్ని కొత్త సంస్థ గుర్తించవలసిందే. రేషన్ కార్డునూ రాష్ట్రాల హద్దులు దాటించారు. 2019 ఆగస్టులో ఆ ప్రయోగం మొదలైన తొలి జంటలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. విడిపోయిన రెండు రాష్ట్రాల మధ్య కిలో బియ్యం హక్కు దాటగలిగింది. బ్యాంకు వివరాలను ఖాతాదారు సమ్మతితో ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థకు రిజర్వ్ బ్యాంకు 2016లోనే నియమాలు రాసింది. ఆ జాబితాలో అడుగుల లెక్కకు చోటు ఎందుకు దొరకలేదు?

సమాధానం ఊహించడం కష్టం కాదు. అప్పు ఇచ్చే సంస్థకు మన బ్యాంకు ఖాతా కావాలి. అందుకే అక్కడ దారి వేశారు. మన వ్యాయామ చరిత్ర తరలిపోవడం వల్ల లాభపడేది మనం మాత్రమే. మన తరఫున దిల్లీలో విన్నపాలు మోసేవారెవరున్నారు? వ్యాపారానికి పనికివచ్చే బదిలీ సంస్కరణ అవుతుంది. పౌరుడికి మాత్రమే పనికివచ్చే బదిలీ సంస్థలపై భారం అవుతుంది. ‘వ్యాపార సౌలభ్యం’ అనే మంత్రం వెనుక దాగిన న్యాయం ఇదే.

హక్కు లేకపోయినా చాలా సంస్థలు డౌన్‌లోడ్ మీట ఇస్తూనే ఉన్నాయి కదా అని కొందరు వాదిస్తారు. ఇస్తున్నాయి, నిజమే. ఆ మీట చాలామటుకు ఐరోపా చలవ. 2018 మే 25 నుంచి అమలులో ఉన్న అక్కడి డేటా చట్టంలోని 20వ అధికరణం దాన్ని తప్పనిసరి చేసింది. ఫిట్‌బిట్‌ను గూగుల్ కొన్నప్పుడు, 2020 డిసెంబరులో ఐరోపా కమిషన్ షరతులు విధించింది. అక్కడి వినియోగదారుల ఆరోగ్య డేటాను ప్రకటనల వ్యాపారానికి వాడరాదు, వారి సమ్మతితో ఆ డేటాను ఇతర యాప్‌లు రుసుము లేకుండా అందుకునే ద్వారం తెరిచి ఉంచాలి, పదేళ్లపాటు. అక్కడ షరతుగా రాబట్టుకున్నదాన్ని ఇక్కడ ప్రసాదంగా స్వీకరిస్తున్నాం. ప్రసాదానికీ హక్కుకూ ఉన్న తేడా ఒక్కటే. ప్రసాదం పెట్టడం మానేస్తే అడిగే దిక్కుండదు.

మానేయరని నమ్మకమేమిటి? జాబోన్ సంస్థ 2017లో దివాళా తీసింది. మైక్రోసాఫ్ట్ తన ఆరోగ్య డాష్‌బోర్డును 2019 మే 31న మూసివేసింది. లక్షలమంది పరుగులు దాచుకున్న ఎండోమోండో 2020 డిసెంబరు 31తో ముగిసింది. గడువులోగా మూట కట్టుకున్నవారికే చరిత్ర మిగిలింది. 2020 జులైలో సైబర్ దాడికి గురై గార్మిన్ సేవలు కొన్ని రోజులపాటు స్తంభించినప్పుడు, తన చేతి గడియారంలోని లెక్క తనకే అందక వినియోగదారు నిస్సహాయుడయ్యాడు. 2024 నవంబరులో స్ట్రావా తన ఏపీఐ నియమాలు మార్చి, ఒకరి వివరాలను ఇతర యాప్‌లు ఆ ఒక్కరికే తప్ప వేరెవరికీ చూపరాదన్నది. శిక్షకులు తమ శిష్యుల వ్యాయామాలను గమనించే యాప్‌లు ఒక్క ప్రకటనతో చిక్కుల్లో పడ్డాయి. శిష్యుడు ఒప్పుకున్నా సరే, సంస్థ ఒప్పుకోవాలి. ఇదేనా సమ్మతి?

దేశ భద్రత వాదం మరొకటి ఉంది. 2017 చివర స్ట్రావా ప్రచురించిన ఉష్ణపటంలో, అఫ్గానిస్థాన్, సిరియా వంటి చోట్ల అమెరికా సైనిక స్థావరాల రూపురేఖలు వెలుగు గీతలుగా బయటపడిన ఉదంతాన్ని ఉదహరిస్తారు. ఆ ఉదంతం నేర్పే పాఠం వేరు. అక్కడ సైనికుడు తన ఫైలును తాను తరలించుకోలేదు. కోట్లమంది ఫైళ్లను ఒకచోట పోగుచేసిన సంస్థ దాన్ని ప్రచురించింది. ప్రమాదం పౌరుడి చేతిలో ఉన్న డేటాతో కాదు, ఒకే చోట గుట్టపడిన డేటాతో. బదిలీ హక్కు, చెరిపివేత హక్కు చేయిచేయి కలిపితేనే ఆ గుట్ట కరుగుతుంది. తీసుకుపోగలిగినవాడే ధైర్యంగా తుడిచేయమంటాడు.

ఇది సంపన్నుల సరదా సమస్య అనేవారు చండీగఢ్, పంచకుల, నాగపూర్ వీధులకు వెళ్లి చూడాలి. ఆ నగరాల పాలక సంస్థలు పారిశుద్ధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు తొడిగాయి. ఎక్కడ ఊడుస్తున్నారో, ఎక్కడ ఆగారో అధికారుల తెరపై కనిపించేలా ఏర్పాటు చేశాయి. దాన్ని సంకెలగా భావించి కార్మికులు నిరసనకు దిగారు. వ్యాయామ ప్రియుడి చేతికున్నదీ, కార్మికురాలి చేతికున్నదీ మూలంలో ఒకే యంత్రం. పని గంటలపై వివాదం వచ్చినప్పుడు యజమాని తన దగ్గరున్న నమోదును చూపుతాడు. కార్మికురాలు ఏమి చూపాలి? తన అడుగుల లెక్క తన పేరున, తనకు చదవగల రూపంలో, తన సంఘానికి ఇచ్చుకోగల ఫైలుగా ఉంటే, అదే గడియారం ఆమె సాక్షి అవుతుంది. చట్టంలో ఆ ఒక్క వాక్యం ఉన్నట్లయితే సంకెల సాధనంగా మారేది. ఆ వాక్యాన్నే తీసివేశారు.

బీమా సంగతీ ఇంతే. నడకకు, వ్యాయామానికి పాయింట్లు ఇచ్చి ప్రీమియంలో రాయితీ కల్పించేందుకు బీమా నియంత్రణ సంస్థ 2020 సెప్టెంబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. అంటే అడుగుకు ధర పలుకుతోంది. ధర పలికే వస్తువుకు యజమాని ఎవరన్న ప్రశ్న వేయకుండా ఉండడం ఎలా సాధ్యం? పాలసీని బదిలీ చేసుకునే హక్కు 2011లోనే ఉంది. ఆ పాలసీలో రాయితీ సంపాదించిపెట్టిన నడక చరిత్రను వెంట తీసుకుపోయే హక్కు నేటికీ లేదు.

కాబట్టి కోరవలసినవి నాలుగు. మొదటిది, 2019 బిల్లులోని 19వ నిబంధనను, సంయుక్త కమిటీ సూచించిన దిద్దుబాటుతో సహా, సవరణ ద్వారా చట్టంలోకి తిరిగి తేవాలి. రెండవది, సారాంశం కాదు, మూల నమోదే ఇవ్వాలి. హృదయ స్పందన, చుట్లు, సమయం ఏవీ రాలిపోని బహిరంగ రూపంలో, రుసుము లేకుండా. సంస్థ తన సూత్రంతో గట్టిన ‘అలసట అంకె’ను వ్యాపార రహస్యమంటే వాదనకు తావుంది, నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందన్నది ఎవరి వ్యాపార రహస్యమూ కాదు. మూడవది, ఉద్యోగి శరీరం నుంచి సేకరించిన ప్రతి నమోదు ప్రతినీ ఉద్యోగికి ఇచ్చే బాధ్యత యజమానిపై, అతడు ప్రభుత్వమే అయినా సరే, ఉండాలి. నాలుగవది, సేవను మూసివేసే సంస్థ తగినంత గడువు ముందుగా ప్రతి ఖాతాదారుకూ అతని ఫైళ్లను అందజేయాలి.

ప్రధాన నిబంధనలు అమలుకు వచ్చే 2027 మే నెలలోగా ఈ సవరణ తేవడానికి పార్లమెంటుకు ఏ ఆటంకమూ లేదు. ఎంపీలు తమ నియోజకవర్గాల్లో పరుగు పందేలకు జెండా ఊపుతారు. ఆరోగ్య భారతం గురించి ఉపన్యసిస్తారు. ఈసారి జెండా ఊపడానికి వచ్చినప్పుడు పరుగెత్తేవారు ఒక ప్రశ్న అడగాలి. నా ఫోను నంబరు నాతో వస్తుంది, నా రేషన్ బియ్యం నాతో వస్తుంది, నా పరుగు నాతో ఎందుకు రాదు? ఆ హక్కును బిల్లులోంచి ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు? జవాబు చెప్పేదాకా జెండా ఊపనివ్వకండి.